సగం గీసిన కుర్చీ

సోమవారం పొద్దున డెలొరేన్ ఊళ్ళో బస్సు ఆగగానే మెరిన్ ముందు తాను ఎక్కి, తర్వాత అట్టకుర్చీని పక్కకి తిప్పి లోపలికి లాక్కుంది. దాని కాళ్ళు తలుపుకి తగలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో డ్రైవరుకి కార్డు చూపించింది. ఆయన కార్డు చూడలేదు, కుర్చీని చూశాడు.

"దానికి టికెట్టో?"

"రెండ్రోజుల పిల్ల. పసివాళ్ళకి టికెట్టు లేదుగా."

"పుట్టడమే వంకరగా పుట్టింది పాపం," అన్నాడాయన గేరు వేస్తూ.

వంకరన్న మాట నిజమే. ఫ్రిజ్ వచ్చిన పెట్టెని చీరి, పొరలు పొరలుగా జిగురు పెట్టి అంటించి, గోధుమరంగు టేపు చుట్టిన కుర్చీ అది. ఎడమవైపు వెనక కాలు పైకి సాగి వీపుకి కమ్మీ అయ్యేచోట, ఎవరికో దారిచ్చినట్టు పక్కకి ఒరిగిపోయింది. కూర్చునే పలకకి కుడివైపు ముందు మూల కిందికి జారింది. ఆ వంకర్లు రెండూ ఉన్ని వడికే వెర్నా లాకెట్ అనే పెద్దావిడ వంటింట్లో పుట్టాయి. శని, ఆదివారాలు రెండు మధ్యాహ్నాలు వెర్నా తన ఉన్ని రాట్నం ముందు కూర్చుని వడికింది. మెరిన్ కత్తి, టేపు పట్టుకుని ఆమె పక్కన నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. వెర్నా ఎడమచేత్తో ఏకు పట్టుకుని వెనక్కి లాగుతుంది. ఆ చెయ్యి తుంటి దాటి, వీపు దాటి, కొంగ రెక్క విప్పినట్టు వెళ్తుంది. అంతదూరం సాగిన ఉన్ని సన్నని దారమై, చెయ్యి ముందుకు వచ్చేటప్పుడు కదురుకి చుట్టుకుంటుంది. మోచెయ్యి కమ్మీకి తగిలినప్పుడల్లా మెరిన్ "ఆగండి" అని, అట్ట కోసి, అవతలికి వంచి, మళ్ళీ టేపు వేసేది. కుడికాలు తొక్కుడుచెక్కని తొక్కుతుంటే తొడ కింద పలక ఒరుసుకుంటోందని ఆ మూల చెక్కేసింది. వెర్నా అలా ఎన్నిసార్లు లేచి కూర్చుందో. చివరికి, "మా డాక్టరు చెప్పే వ్యాయామం నీ దగ్గరే అయిపోయింది తల్లీ," అంది. తర్వాత ఎక్కడా ఆగకుండా చాలాసేపు వడికింది. దారం తెగలేదు. మెరిన్ టేపు చుట్టని సంచిలో పడేసింది.

ఫర్నిచర్ డిజైను చదివే రెండో సంవత్సరం పిల్లలు తొమ్మిదిమందికీ ఆ నెల ఇచ్చిన పని ఇదే. పని చేసుకునే ఒక మనిషిని ఎవరికి వాళ్ళు వెతుక్కోవాలి, ఆ మనిషి పనికి ఒక కుర్చీ చెయ్యాలి. శుక్రవారం 'కూర్చునే రోజు'. ఆ రోజు ఆ మనుషులు తమ పనిముట్లతో వచ్చి, బయటివాళ్ళందరి ముందూ ఆ కుర్చీల్లో కూర్చుని పని చేస్తారు. చేసిన విద్యార్థి గోడవారగా ఉన్న బెంచీ మీద నోరు మూసుకుని కూర్చోవాలి. కుర్చీని గురించి ఒక్క మాట మాట్లాడినా పోటీలోంచి తీసేస్తారు. మాట సాయం కావలసిన కుర్చీ కుర్చీ కాదని ఆ బడి పెట్టినప్పటినుంచీ ఉన్న నియమం.

గెలిచినవాళ్ళకి వేసవి మూడు నెలలూ వర్క్‌షాపులో కిటికీ పక్క బల్ల ఇస్తారు. కర్రా, పనిముట్లూ, బత్తెమూ బడివే. మెరిన్‌కి కావలసింది ఆ బల్ల. కిందటి వేసవంతా ఆమె చెర్రీ షెడ్డులో కదిలే పట్టా ముందు నిలబడి పగిలిన కాయలు ఏరింది. సాయంత్రం కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా పట్టా కదులుతూనే ఉండేది. ఈ ఏడూ రమ్మని షెడ్డువాళ్ళు అప్పుడే కబురు పెట్టారు. ఆమె ఇంకా జవాబివ్వలేదు.

*

బడిలో వాళ్ళ టీచరు ఇంగ్రిడ్ అట్టకుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. ఏభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టులో చెవి పక్కన ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. వంగి ఎడమ కమ్మీని వేలితో తట్టింది. కూర్చునే పలక మూల మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"బాగా చూశావు ఆవిణ్ణి," అంది. మెరిన్ మొహం విప్పారింది. "రేపు సాయంత్రానికి దీన్ని కంప్యూటర్లో గీసి ఫైలు చేసెయ్యి."

ఇలాగే చూపించి మార్కులు వేయించుకోకూడదా అని మెరిన్ అడిగింది. తను చేత్తో గీసిన బొమ్మలు కూడా ఉన్నాయంది. స్కెచ్చు పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. ఇంగ్రిడ్ పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, జాగ్రత్తగా మూసింది.

"అట్టని నేను చదవగలను. మెషీను చదవలేదు. బుధవారం ప్లైవుడ్ కొయ్యాల్సింది మెషీను." ఆమె గొంతులో కోపం లేదు. "కిందటేడు చేత్తో గీసిన పిల్లలకి నేనే ఎక్కువ మార్కులు వేశానని పైనుంచి మాటొచ్చింది మెరిన్. ఇప్పుడు తెరమీద ఉన్నదానికే మార్కులు. నువ్వు తప్ప అందరూ మొదలుపెట్టేశారు."

మెరిన్ గదిలోకి చూసింది. ఎనిమిది తెరలమీద ఎనిమిది కుర్చీలు బూడిదరంగు శూన్యంలో మెల్లగా తిరుగుతున్నాయి.

ఆ మధ్యాహ్నమంతా ఆమెకి గండంగా గడిచింది. అట్ట మీద టేపు కొలత పెట్టి అంకె కాగితం మీద వేసుకునేది, తెరమీద గీత గీసేది. కమ్మీ ఒరగాలంటే ఎంత ఒరగాలో ఆ సాఫ్టువేరు అంకెల్లో అడిగింది. ఆమె చేతికి తెలిసిన ఒంపు అది, అంకెలో తెలియదు. నిలువుగా గీస్తే గీత ఆకుపచ్చగా మారి కుదురుగా అతుక్కునేది. కాస్త పక్కకి లాగితే పసుపురంగులో ఒక ప్రశ్న వేసేది. నాలుగోసారి ఆ ప్రశ్న వచ్చేసరికి ఆమె కుర్చీ వెనక్కి తోసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

*

మంగళవారం తోటి విద్యార్థి రోరీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే కుర్రాడు. వాళ్ళ ఊరి దంతాల ఆస్పత్రిలో రిసెప్షన్‌లో కూర్చునే ఆమెకి వాడు చేస్తున్న కుర్చీ తెరమీద ఆదివారమే పూర్తయిపోయింది. చేతిలో గుల్లచేప కూరిన కజ్జికాయ లాంటి స్కాలప్ పై ఉంది. దాన్ని కాగితంలోనే ఉంచి కొరుకుతూ, ఎడమచేత్తో ఆమె మౌసు లాక్కున్నాడు.

"ఏంటీ, రెండు పక్కలా గీస్తున్నావా?"

"కుర్చీకి రెండు పక్కలుంటాయిగా."

"సగం గీసి మిర్రర్ నొక్కు. రెండో సగం అదే వస్తుంది. దేవుడు కూడా మనిషిని సగమే గీసి తిప్పేశాడు."

"మరి గుండె ఒక పక్కే పెట్టాడేం?"

"అది లోపలి పని. బయటివాళ్ళకి కనపడదు."

వాడు ఆమె గీతలన్నీ పక్కన పడేసి, నడిమధ్య ఒక సన్నని నిలువుగీత గీశాడు. దానికి కుడివైపు మాత్రం గియ్యమన్నాడు. మెరిన్ గీసింది. ఒక కాలు, సగం పలక, సగం వీపు. గొడ్డలితో రెండుగా చీల్చినట్టు సగం కుర్చీ గాలిలో నిలబడింది. రోరీ మీట నొక్కాడు. రెప్పపాటులో కుర్చీ నిండిపోయింది.

మెరిన్ నవ్వింది. నవ్వకుండా ఉండలేకపోయింది. రెండ్రోజుల మొండి పని ఒక్క నొక్కులో తీరింది. రోరీ ఆ తిండి పూర్తిచేసి వెళ్ళిపోయాక కూడా ఆమె లేవలేదు. వీపు పలక మీద ఒక చుక్క పట్టుకుని వెనక్కి లాగి చూసింది. పలక మొత్తం వంగింది, రెండు పక్కలా ఒకేసారి, తమ ఊరి మియాండర్ నది మలుపు తిరిగినట్టు. అలాంటి ఒంపు ఆమె చేతులు ఎన్నడూ అట్టలో తేలేవు, అట్ట విరిగిపోతుంది. ఇంకొక చుక్క లాగింది. కాళ్ళు కిందికి వస్తూ సన్నబడ్డాయి. వేలితో తోస్తే కుర్చీ తిరిగింది. వెనకనుంచి చూసింది, కిందనుంచి చూసింది, చీమ చూసినట్టు చూసింది. ఆకలి తెలియలేదు. సాయంత్రం ఇంగ్రిడ్ వచ్చి వెనక నిలబడితే ఆమెకి అలికిడి కూడా వినబడలేదు.

"ఇది నీదేనా?" అంది ఇంగ్రిడ్. ఆ మాటలో ఆశ్చర్యం మెరిన్‌కి బాగుంది.

*

బుధవారం కోతకి ముందు ఒక అరగంట ఖాళీ దొరికింది. మెరిన్ అట్టకుర్చీని తెచ్చి తెర పక్కన పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. అట్టకుర్చీలో ఎడమ కమ్మీ పక్కకి ఒరిగి ఉంది. తెరమీది కుర్చీలో రెండు కమ్మీలూ నిటారుగా, కవలపిల్లల్లా నిలబడి ఉన్నాయి.

ఆమె ఎడమ కమ్మీని పట్టుకుని లాగింది. కుడిదీ అంతే దూరం లాక్కుపోయింది. మిర్రర్‌ని తీసేసింది. తెర పక్కన తను చేసిన పనుల వరసంతా ఎర్రబడింది. కూర్చునే పలక మాయమై, మరలు గాలిలో వేలాడాయి. గబగబా చేసినదాన్ని వెనక్కి తిప్పుకుంది. కుర్చీ ఒక్క గీత చెదరకుండా మళ్ళీ వచ్చి నిలబడింది. ఆమె ఊపిరి వదిలింది.

సాఫ్టువేరులో ఒక బొమ్మమనిషి ఉంటాడు. మొహం లేని బూడిదరంగు మగాడు. వాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. వాడు వీపు నిటారుగా పెట్టి, రెండు మోకాళ్ళ మీదా రెండు చేతులూ పెట్టుకుని, ఎదరకి చూస్తూ కూర్చున్నాడు. మోచేతులు ఎక్కడా తగల్లేదు.

రోరీ పిలిచాడు, ఆమె వంతు వచ్చిందని. కమ్మీ సంగతి వాడికి చెప్పింది. వాడు తెరవైపూ అట్టవైపూ చూసి భుజాలెగరేశాడు.

"ఆవిడ ఒక అంగుళం ఇటు జరిగి కూర్చుంటుంది. మనుషులు జరుగుతారు మెరిన్, కమ్మీలు జరగవు. బంగారంలాంటి కుర్చీని ఇప్పుడు పాడుచేసుకుంటావా?"

మెరిన్ మరోసారి బొమ్మమనిషిని చూసింది. తగల్లేదు కదా అనుకుంది. ఫైలు పంపించింది.

మెషీను ప్లైవుడ్ పలక మీద కీచుమంటూ తిరిగింది. రంపపుపొట్టు గొట్టంలోకి పీల్చుకుపోతుంటే కాలిన జిగురు వాసన వచ్చింది. ముక్కలు ఒక్కొక్కటీ చేతికి వెచ్చగా తగిలాయి. గురువారం వాటిని ఒకదానిలో ఒకటి దూర్చినప్పుడు సుత్తి అక్కర్లేకపోయింది, అరచేత్తో నొక్కితే చాలు. క్లాంపులు బిగించి, జిగురు ఆరాక ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, గుడ్డతో నూనె పట్టించింది. వీపు ఒంపు మీద ప్లైవుడ్ పొరలు నది ఇసుకమీద నీటిచారల్లా తేలాయి. అటువెళ్ళే వాళ్ళందరూ ఆగి ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళారు. కిటికీ పక్క బల్ల మీద ఎవరో వదిలేసిన టీ కప్పుని మెరిన్ తీసి, కడిగి, బల్ల తుడిచింది. తుడిచాక ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడింది.

మర్నాటి కోసం హాల్లో చోటు చేస్తూ రోరీ అట్టకుర్చీని ఎత్తి, మెషీను వెనక చెత్త ప్లైవుడ్ ముక్కల గుట్టమీద పెట్టాడు. మెరిన్ చూసింది. వెళ్ళి తెచ్చుకోలేదు.

*

శుక్రవారం హాలు నిండింది. తొమ్మిది కుర్చీలు వరసగా, మధ్య మధ్య ఎడం వదిలి పెట్టారు. హోబార్ట్ నగరం నుంచి పేరున్న ఫర్నిచర్ పనివాడు ఒక పెద్దాయన తీర్పు చెప్పడానికి వచ్చాడు. ఇంగ్రిడ్ ఆయన పక్కనే నడుస్తోంది. వెర్నా తన రాట్నాన్ని తనే ఎత్తుకుని వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గౌను, మెడలో ముత్యాలు. వెంట ఆమె ఉన్ని సంఘంలోని ఇద్దరు స్నేహితురాళ్ళు లామింగ్టన్ కేకుల డబ్బా పట్టుకుని వచ్చారు. ఆ ఇద్దరిలో పాట్ అనే ఆమె ఎవరు దొరికితే వాళ్ళకి, తమ జిల్లాలో వెర్నా అంత సన్నగా దారం లాగేవాళ్ళు లేరని చెబుతోంది.

వెర్నా కుర్చీని చూసి ఆగింది. వీపు ఒంపు మీద వేళ్ళు పోనిచ్చింది.

"ఇది నాకా?" అంది మెరిన్‌వైపు తిరిగి. "పెళ్ళికూతురు కుర్చీలా ఉంది."

మెరిన్ నవ్వి, నోటిమీద వేలు పెట్టుకుని, బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.

వెర్నా కూర్చుంది. కుడికాలు తొక్కుడుచెక్క మీద పెట్టింది. ఎడమచేత్తో ఏకు పట్టుకుని లాగింది. మోచెయ్యి కమ్మీకి తగిలింది. చప్పుడు చిన్నదే, తలుపు మీద ఒక వేలితో తట్టినంత. వెర్నా ఆగి, కొంచెం కుడివైపు జరిగి కూర్చుంది. ఇప్పుడు కుడితొడ పలక అంచుమీదికి వచ్చింది. కాలు తొక్కినప్పుడల్లా గౌను ముడుచుకుంటోంది. రెండోసారి లాగింది. ఈసారి మోచెయ్యి తగిలే ముందే చెయ్యి ఆపేసుకుంది. సాగాల్సిన ఉన్ని సగంలో ఆగి, దారం మీద కణుపులా ముద్ద పడింది.

ఆమె తలెత్తి మెరిన్‌ని చూసింది. ఒక్క క్షణం. తర్వాత వీపు సర్దుకుని, ఏకుని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంది. కుడికాలు తీసి ఎడమకాలు పెట్టింది. ఏభై ఏళ్ళనుంచి చేసిన పనిని తిరగేసి మొదలుపెట్టింది.

అటూ కమ్మీ ఉంది. కానీ కుడిచెయ్యి అంత దూరం వెళ్ళడం ఎరగదు. దానికి తగిలే భయం లేదు. అది జేబులోంచి ఏదో తీస్తున్నట్టు రెండు జానలు లాగి ఆగేది. చక్రం ఒకసారి ముందుకీ, తడబడి ఒకసారి వెనక్కీ తిరిగింది. దారం తెగింది. వెర్నా ముడివేసింది. మళ్ళీ తెగింది.

చుట్టూ చేరినవాళ్ళు ఓపికగా చూస్తున్నారు. వెర్నా వాళ్ళకేసి నవ్వింది.

"ఇవాళ ఉన్ని మొండికేస్తోంది. వేళ్ళు కూడా ముసలివైపోయాయి."

"ఈ వయసులో ఆమాత్రం చెయ్యడమే గొప్ప," అందొకావిడ జాలిగా. హోబార్ట్ పెద్దాయన వెర్నా చేతులవైపు చూడనేలేదు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి కుర్చీని చూస్తున్నాడు. ఎంత తూకంగా ఉందో చూడండి అని ఇంగ్రిడ్‌తో అన్నాడు. ఇంగ్రిడ్ తన చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది. పాట్ తన పక్కనున్న స్నేహితురాలి చెవిలో ఏదో అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ లామింగ్టన్‌ల డబ్బామీదికి చూపు దించుకున్నారు. వెర్నా అది చూసింది. ఆమె మెడ మీద, ముత్యాల కింద, ఎర్రగా మచ్చలు లేచాయి. అయినా ముడివేసి, మళ్ళీ తొక్కింది.

మెరిన్ బెంచీ అంచుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తనకి ఆ బల్ల రావాలనే వెర్నా ఇది చేస్తోందని ఆమెకి అర్థమైంది. ఇంకొక్క పది నిమిషాలు ఊరుకుంటే చాలు, అయిపోతుంది. పెద్దాయన తర్వాతి కుర్చీ దగ్గరికి కదలబోతున్నాడు. పక్కన రోరీ ఆమె మోకాలిని తన మోకాలితో మెల్లగా తట్టాడు, గెలిచావన్నట్టు.

దారం మూడోసారి తెగింది. "పాపం," అంది ఇందాకటి ఆవిడే.

మెరిన్ లేచి నిలబడింది.

"ఆమె వేళ్ళు కాదు," అంది. గొంతు తాను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "కుర్చీ. ఆవిడ ఎడంచేత్తో లాగుతుంది. ఆ చెయ్యి వెనక్కి పోవడానికి నేను చోటు పెట్టలేదు. కుడిచేత్తో ఆవిడకి రాదు. నాకోసం చేస్తోంది."

"మెరిన్," అంది ఇంగ్రిడ్ నెమ్మదిగా. అది మందలింపు కాదు, నియమం గుర్తుచెయ్యడం. "నువ్వు మాట్లాడావు."

"తెలుసు."

ఆమె మనుషుల మధ్యనుంచి దారి చేసుకుంటూ వర్క్‌షాపులోకి వెళ్ళింది. మెషీను వెనక గుట్టమీద అట్టకుర్చీ పక్కకి పడి ఉంది. దానిమీద ఎవరో గంధపుపొడిలాంటి రంపపుపొట్టు ఊడ్చి పోశారు. ఎత్తి, తలకిందులు చేసి దులిపి, మోసుకొచ్చింది. వెర్నా ముందు పెట్టి ప్లైవుడ్ కుర్చీని పక్కకి లాగింది. వెర్నా నిలబడి ఉంది, చేతిలో ఏకు నలుగుతోంది.

"ఎందుకే ఇదంతా?" అంది కిందిగొంతుతో. "ఇంకాస్తలో అయిపోయేది."

"కూర్చోండి వెర్నా."

వెర్నా కూర్చుంది. అట్ట ఆమె బరువుకి కుయ్యిమంది. ఏకుని ఎడమచేతిలోకి తీసుకుంది. చెయ్యి తుంటి దాటింది, కమ్మీ ఒరిగి ఇచ్చిన చోటులోంచి వీపు దాటింది, పూర్తిగా సాగి ఆగింది. మళ్ళీ ముందుకి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. చక్రం ఒకే గొంతుతో గుర్రుమంటోంది. పాట్ డబ్బా కింద పెట్టేసి ముందుకు జరిగింది. ఇందాకటి ఆవిడ, "ఓ," అని ఊరుకుంది.

హోబార్ట్ పెద్దాయన గొంతు సవరించుకుని తర్వాతి కుర్చీ దగ్గరికి కదిలాడు. ఇంగ్రిడ్ వెంటనే కదల్లేదు. వెర్నా చేతివైపు చాలాసేపు చూసింది. తర్వాత వరస మొదటికి వెళ్ళి, మొదటి కుర్చీకి ఎదురుగా నిలబడి, తన అరచేతిని నిలువుగా కళ్ళముందు పెట్టుకుని సగం కుర్చీని కప్పి చూసింది. చెయ్యి ఇటు మార్చి రెండో సగం కప్పి చూసింది. రెండు సగాలూ ఒకటే. రెండో కుర్చీ దగ్గర అలాగే చేసింది. మూడో కుర్చీ దగ్గర కూడా. అలా చివరిదాకా వెళ్ళి, జుట్టులోంచి పెన్సిలు తీసి, రాయకుండా మళ్ళీ అక్కడే దోపుకుంది.

బల్ల రోరీకి వచ్చింది. వాడు చేతులు కలిపి మెచ్చుకుంటున్నవాళ్ళ మధ్యలోంచి మెడ తిప్పి తన కుర్చీకేసి చూశాడు. అందులో దంతాల ఆస్పత్రి ఆమె కుడివైపున్న ఫోను అందుకోవడానికి నడుం మెలితిప్పి కూర్చుని ఉంది.

*

వెర్నా పికప్ వెనకభాగంలో రాట్నం, రెండు కుర్చీలు తాళ్ళతో కట్టారు. బండి ఊరు దాటింది. ఎదర కొండలమీద ఇంకా కరగని మంచు పలచగా ఉంది. చెర్రీ షెడ్డుకి జవాబిచ్చానని మెరిన్ చెప్పింది, సోమవారంనుంచి రమ్మన్నారంది. వెర్నా తల ఊపింది. క్షమించమని మెరిన్ అడగబోతే, చెయ్యి స్టీరింగు మీదనుంచి ఎత్తి ఆపింది.

"పాట్ ముందు నా పరువు నిలబెట్టావు. ఏడాది పొడుగునా దెప్పేది అది." అద్దంలో వెనక్కి చూసింది. "ఆ చెక్క కుర్చీ ఏం చేస్తావ్?"

"తెలీదు. విరగ్గొడతానేమో."

"చాల్లే. మా ఆయన క్లైవ్‌కి ఇచ్చెయ్యి. ఆయన కుడిచేత్తోనూ ఏం చెయ్యడు, ఎడంచేత్తోనూ ఏం చెయ్యడు. అచ్చు ఆయన కోసమే చేసినట్టుంది."

మెరిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తన లాప్‌టాప్ తీసుకుని వెర్నా ఇంటికి వెళ్ళింది. ఈసారి గియ్యమని ఎవరూ అడగలేదు, మార్కులూ లేవు. వంటింట్లో వెర్నా అట్టకుర్చీ మీద గొర్రెతోలు పరుచుకుని వడుకుతోంది. కుంగిన కుర్చీకాలికి ఎవరో పెట్టెల టేపు కొత్తగా చుట్టారు. మెరిన్ బల్లదగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. చెయ్యి అలవాటు కొద్దీ ముందు నడిమధ్య ఒక నిలువుగీత గీసింది.

తలెత్తి చూసింది. వెర్నా మోచెయ్యి వెనక్కి వెళ్ళి, ఒక క్షణం ఆగి, తిరిగి వస్తోంది. అవతల, ముందుగదిలో పొయ్యి పక్కన, క్లైవ్ కొత్త కుర్చీలో నిద్రపోతున్నాడు. వీపు నిటారుగా ఉంది, రెండు మోకాళ్ళ మీదా రెండు చేతులూ కుదురుగా ఉన్నాయి. కుర్చీ ఎక్కడా ఆయనకి తగలడం లేదు.

మెరిన్ ఆ నిలువుగీత చెరిపేసింది. ఎడమ మోచెయ్యి ఆగేచోట ఒక చుక్క పెట్టి, అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.